ఖాళీ వాటాలో కుళాయి

వెర్నా కంగాస్ మా వంటింట్లోకి వచ్చి కూర్చుంటూనే, తను కొనబోయే ఇంటి పై వాటాలో ఎవరో ఉంటున్నారని చెప్పింది. ఆ వాటా నిరుడు అక్టోబరు నుంచి ఖాళీ. నీళ్ళు కట్టేసి, గొట్టాలు ఖాళీ చేసి, తాళం వేశారు. కొనుగోలు కాగితాల్లో కూడా అలాగే రాశారు. సంతకాలు రేపు పొద్దున్నే.

"ఇవాళ సాయంత్రం అయిదింటికి బ్యాంకువాళ్ళు ఆఖరిసారి అడుగుతారక్కా, పై వాటా ఖాళీయేనా అని. ముక్కూ మొహం తెలియనివాడెవడో అందులో తిష్ఠ వేశాడని తెలిస్తే అప్పు ఇవ్వరు. ఊరుకుంటే అబద్ధమాడినట్టు. చెబితే నా ఇల్లు పోయినట్టు," అంది.

అక్కా అన్నది మా ఆవిడని. హిల్మా రౌటియో, డిటెక్టివ్. ఒకప్పుడు బీమా కంపెనీ తరఫున కాలిపోయిన ఇళ్ళూ కూలిపోయిన కప్పులూ చూసి, ఇంటివాళ్ళు ఎంతవరకూ బొంకుతున్నారో తేల్చేది. ఇప్పుడు సొంతంగా పెట్టుకుంది. మా వంటిల్లే ఆఫీసు. నేను, అంటే ఆర్వో అనే ఈ అభాగ్యుణ్ణి, డ్రైవర్ని. పోయిన చలికాలం ఆవిడ కారుతో వెళ్ళి మంచు తీసే బండిని గుద్దింది. అప్పట్నుంచి ఆవిడ లైసెన్సు జడ్జిగారి దగ్గర భద్రంగా ఉంది. తప్పు ఆ బండిదేనని ఇప్పటికీ వాదిస్తుంది.

ప్రతి కేసు వెనకాలా ఒక ప్రేమ వ్యవహారమో లేకపోతే ఒక దుప్పో ఉంటుందని మా ఆవిడ సిద్ధాంతం. ఇంతవరకూ ఎక్కువసార్లు దుప్పే తేలింది.

వెర్నా స్కూలు బస్సు నడుపుతుంది. గని మూసేశాక మా నార్త్ షాఫ్ట్‌లో ఇళ్ళు ఊరికే ఇస్తామన్నా తీసుకునే నాథుడు ఉండేవాడు కాదు. మొన్నమొన్న ఆసుపత్రి పెద్దది చేశారు. నర్సులు అద్దె ఇంటి కోసం తలుపు తలుపూ తడుతున్నారు. దాంతో నిన్నటిదాకా పిచ్చుకలు కాపురమున్న కొంపలకి ఇవాళ ఇద్దరు ముగ్గురు పోటీ పడుతున్నారు. ఈ రెండు వాటాల ఇంటికి కూడా వెర్నా వెనకాల ఇంకొకరు కాచుకుని ఉన్నారు. పెద్ద వంతెనకి దక్షిణాన ఉండే కంపెనీ ఒకటి. వారాంతాల్లో మంచు మీద జారడానికి వచ్చేవాళ్ళకి గదులు చేస్తారట. వెర్నా తప్పుకుంటే మరుక్షణం వాళ్ళదే.

వెర్నా ఈ ఇంటి కోసం చెరువు ఒడ్డున వాళ్ళ నాన్న కట్టిన వేట గుడిసె అమ్మేసింది. ఆ సంగతి ఆవిడ మొగుడు గోర్డీకి తెలియదు. గోర్డీ ఏటా నవంబరులో ఎక్కడో పడమటనున్న డకోటా చమురు బావుల్లో పనికి వెళ్ళి, మే నెలలో ఎండిన చేపలా ఇంటికి వస్తాడు.

"రెండు వాటాల అద్దె వస్తే ఆయన మళ్ళీ వెళ్ళక్కర్లేదక్కా. మేలో దిగగానే తాళంచెవి చేతిలో పెడదామనుకున్నా. పెళ్ళయిన దగ్గర్నుంచి ఒక్క చలికాలం ఇద్దరం కలిసి ఉన్నది లేదు."

ఆ మాట అన్నాక వెర్నా ఆగలేకపోయింది. ఆదివారం ఆదివారం ఫోను చేస్తాడట. అక్కడ వాతావరణం ఎలా ఉందని ఈవిడ అడుగుతుందట. ఏమిటో ఈ ఏడు, ఇక్కడ ఎప్పుడు మంచు పడితే పాపం అక్కడా అప్పుడే పడుతోందట. నెలకోసారి ఎడ్డీ అనే లారీ డ్రైవరు చేత ఆయనకి పేస్టీలు పంపుతుంది. మాంసం, బంగాళాదుంప, రుటబేగా దుంప ముక్కలు కూరి కాల్చిన పేస్టీలు. గోర్డీకి ఆ రుటబేగా గిట్టదు. పసుపుపచ్చ ముక్కలన్నీ ఏరి కుక్కకి పెడతాడు. అయినా వెర్నా వేస్తూనే ఉంటుంది. అది లేని పేస్టీ పేస్టీయే కాదని ఆవిడ పట్టుదల. మొగుడు ఊళ్ళో లేకపోయినా పక్కింటి కార్ల్ దేవుడిలాంటివాడట. తెల్లారేసరికి ఈవిడ గుమ్మం ముందు మంచంతా ఎత్తిపోసి ఉంటుంది. అందుకని వారం వారం ఏలకుల రొట్టె చేసి ఇస్తోంది.

హిల్మా ఇదంతా సోది కింద కొట్టేసింది. పై వాటాలో ఏం చూశావో అది చెప్పమంది.

వెర్నా చూసింది కిటికీ. పొద్దున్నే బస్సు నడుపుతూ ఆ ఇంటి ముందు నుంచి పోతుంది. ఖాళీ వాటా కిటికీ అద్దాలకి మంచు పూలు పూసి ఉండాలి. అది మాత్రం తుడిచిన పళ్ళెంలా ఉంది. లోపల వెచ్చగా ఉంది, ఎవరో ఊపిరి పీలుస్తున్నారన్నమాట. అది చెప్పేసి, పిల్లల్ని ఇళ్ళకి చేర్చి అయిదు లోపల అక్కడికే వస్తానని లేచి వెళ్ళిపోయింది. మా ఆవిడ కోటు తొడుక్కుంటూ ఇది ప్రేమ వ్యవహారమేనని ప్రకటించింది.

మేం వెళ్ళేసరికి ఆ ఇంటి ముందు బురదలో ఒక తెల్ల కారు కూరుకుపోయి ఉంది. దాని పక్కన పల్చటి తోలు బూట్లు వేసుకున్న ఒక యువకుడు ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలి బూటు దులుపుకుంటున్నాడు. ఏప్రిల్‌లో మా ఊరికి అలాంటి బూట్లతో వచ్చేది పెద్ద వంతెన అవతలి దక్షిణాది వాళ్ళే. ట్రెవర్ బ్లాంచర్డ్ అని చెప్పుకున్నాడు. గ్రాండ్ రాపిడ్స్‌లో డిటెక్టివ్ ఆఫీసు ఉందట. ఆ కంపెనీ పిలిపించింది. ఇల్లు అమ్మే ఏజెంటు మాకిచ్చినట్టే అతనికీ ఒక తాళంచెవి ఇచ్చాడు.

"ఇప్పటికే ఆలస్యం చేశారు మేడమ్. పొద్దున్నే వచ్చి చూసేశాను. లోపల మనుషులున్నారు. ఒకరు కాదు, నలుగురు," అన్నాడు.

మెడలో వేలాడుతున్న కెమెరా చూపించాడు. గోడ వెనకాల వేడిగా ఉన్నదేదైనా దానికి ఎర్రటి మచ్చలా కనిపిస్తుందట. ఇంటిని చుట్టి తీస్తే నాలుగు మచ్చలు వచ్చాయి. ఇది మత్తుమందుల ముఠా అని అతని అనుమానం.

హిల్మా ఆ బొమ్మలు తీరిగ్గా చూసింది. "ఇదిగో బాబూ, ఈ మచ్చ కింది వాటా వైనో బాబాయ్ కట్టెల పొయ్యి. ఇది వైనో బాబాయ్. కింద ఈ పొట్టిది ఆయన కుక్క ముస్తీ. మత్తుమందు దాని ఒంట్లో ఎక్కడైనా ఉందేమో నువ్వే వెతుక్కో. నాలుగోది పెరట్లో సౌనా."

"సౌనాలో మనుషులు ఉండకూడదా?"

"ఇవాళ గురువారం," అంది హిల్మా, అదే జవాబన్నట్టు. మాకు అదే జవాబు కూడా. పెరట్లో చెక్కగది, రాళ్ళ పొయ్యి, ఒళ్ళు కాగే ఆవిరి. శనివారం తప్ప మరో రోజు వైనో లాంటి ముసలివాళ్ళు దాన్ని ముట్టించరు. గురువారం ఎందుకు వేడిగా ఉందా అని నాకూ అనిపించింది గానీ, ఆవిడ అప్పటికే వైనో తలుపు తడుతోంది.

వైనో లాహ్తి కింది వాటాలో అద్దెకుంటాడు. ఎనభై దాటాయి. గనిలో పనిచేసిన ఆఖరి తరం వాడు. ఇంటిని ఎవరు కొన్నా పొయ్యితో, గుమ్మంతో పాటు ఆయన్ని కూడా కొనుక్కోవాల్సిందే. ఏటా సంతలో రుటబేగా దుంపలకి మొదటి బహుమతి ఆయనదే. ఆ రిబ్బన్లు గోడ మీద వరసగా వేలాడుతున్నాయి. పడకగదిలో పెళ్ళి ఫోటో కూడా అంత బాగా కనిపించేలా పెట్టలేదని మా అమ్మ అనేది.

మాకు కాఫీ పోశాడు. ట్రెవర్‌కి పోయలేదు. అతను గుమ్మంలోనే నిలబడి కాసేపు చూసి, పైన ఇంకోసారి కొలతలు తీసుకుంటానని వెళ్ళిపోయాడు.

హిల్మా ప్రశ్నలు వేయడం మొదలుపెట్టింది. వైనో జవాబులన్నీ రెండు మాటలకి మించలేదు. పైన ఎవరున్నారు? ఎవరూ లేరు. చప్పుళ్ళు వినబడ్డాయా? చెవుడు. సౌనా ఎందుకు ముట్టించావు? నడుం నొప్పి. కడిగి బోర్లించిన కప్పులు రెండున్నాయేం? ముస్తీ కూడా కాఫీ తాగుతుంది. ఆ మాటకి ముస్తీ తలెత్తి ఆయన వైపు చూసింది. పాపం దానికి అబద్ధాలు అలవాటు లేదు.

"బాబాయ్," అంది హిల్మా, గొంతు తగ్గించి. "రెండు కప్పులు. తలుపు వెనకాల రెండు తడి తువ్వాళ్ళు. గురువారం పూట సౌనా. నాకు అర్థమైపోయింది. పైన ఒక ఆడమనిషిని పెట్టుకున్నావు."

వైనో కప్పు కింద పెట్టాడు. ఆయన మొహం ఎర్రబడింది. కోపం వచ్చిందనుకున్నాను.

"ఎవరంటున్నారు ఆ మాట?"

"ఊరంతా అంటోంది," అని హిల్మా బొంకింది.

"చర్చిలో కూడానా?"

"చర్చిలో కూడా."

ముసలాయన వీపు నిటారుగా అయింది. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. పాత అల్మారాలోంచి అప్పటిదాకా బయటికి తీయని బిస్కట్ల డబ్బా తీసి మా ముందు పెట్టాడు. మా ఆవిడ నా వైపు గర్వంగా చూసింది. సిద్ధాంతం రుజువైందని ఆ చూపు.

పైకి వెళ్ళాం. మా ఆవిడ వెతికే తీరు చూడాల్సిందే. ముందు గది మధ్యలో నిలబడి ముక్కుతో చూస్తుంది. తర్వాత మోకాళ్ళ మీద వంగుతుంది. తర్వాత లేవలేక నన్ను పిలుస్తుంది. నేల శుభ్రంగా తుడిచి ఉంది. అయిదారు నెలల ఖాళీ ఇంట్లో అంత శుభ్రం ఉండకూడదని చెప్పింది. గూట్లో బట్టలు లేవు గానీ బట్టల వాసన ఉంది. పొగ, తడి ఉన్ని, గెడ్డం గీసుకునే సబ్బు. ఆడవాళ్ళు గెడ్డం సబ్బు వాడరేమో అని నేను మెల్లిగా అన్నాను. వాడేవాళ్ళూ ఉంటారని కసిరింది గానీ, గొంతులో ఇందాకటి ధీమా లేదు.

నేను వంటగది తొట్టికి జారగిలబడి నిలుచున్నాను. తొట్టిలో కుళాయి లోంచి పెన్సిలంత ధార పడుతూ ఉంది. హిల్మా ఆ నీళ్ళలోనే చేతులు కడుక్కుని తువ్వాలు కోసం చూసింది. అప్పుడు ట్రెవర్ పక్కగదిలోంచి వచ్చి, తొట్టిని చూసి ఆగిపోయాడు.

"మళ్ళీ ఎవరు తిప్పారు దీన్ని?"

"దేన్ని?" అన్నాను.

"కుళాయిని. పొద్దున నేనే కట్టేశాను. నీళ్ళు వృథాగా పోతున్నాయని."

నేనూ హిల్మా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పసిపిల్లని చలిలో వదిలేసి వచ్చానని ఎవరైనా చెబితే ఎలా చూస్తామో అలా అతన్ని చూశాం.

"కుళాయి కట్టేశావా?" అంది హిల్మా. "ఏప్రిల్‌లో?"

అతనికి ఏం తెలుసు. ఇక్కడ చలి ముదిరిందంటే భూమిలో గొట్టాలు నిలువెత్తు లోతున కూడా గడ్డకడతాయి, ఏప్రిల్‌లో పైన బురదైనా లోపల గడ్డ కరగదు. అందుకని నీళ్ళ శాఖవాళ్ళు ఊరందరికీ చెబుతారు, ఇంటికొక కుళాయి పెన్సిలంత ధారగా రాత్రింబవళ్ళు వదిలి ఉంచమని. చాలని వాళ్ళు చెప్పేదాకా ఎవ్వరూ కట్టరు. ఈ ఏడు ఇంకా చెప్పలేదు. ఒకరు కట్టేస్తే ఆ గొట్టం మీద ఆధారపడిన నాలుగిళ్ళ వాళ్ళూ తిట్టుకుంటారు. ఆ నీళ్ళ చప్పుడు మాకు మా గుండె చప్పుడు లాంటిది, వినబడదు.

వినబడకపోవడమే మా తప్పు. మా ఆవిడ నెమ్మదిగా తొట్టి అంచు పట్టుకుంది. తొట్టి తెల్లటి గిన్నెలో ధార పడే చోట ఇనుప తుప్పు చార, వేలంత వెడల్పున, నారింజ రంగులో దిగి ఉంది. చలికాలమంతా పడితే గానీ అంత చార పడదు.

"ఆర్వో," అంది. "ఈ వాటాకి నీళ్ళు కట్టేశారు కదూ."

కట్టేశారు. కాగితాల్లో ఉంది. ఈ వాటాని ఏజెంటు చూశాడు, వెర్నా చూసింది, ఇంటిని పరీక్ష చేసిన ఇంజనీరూ చూశాడు. అందరూ ఈ ఊరివాళ్ళే. అందరికీ ఏప్రిల్‌లో పారే కుళాయి గోడలాంటిది, కిటికీలాంటిది. ఖాళీ ఇంట్లో అది ఎందుకు పారుతోందని ఒక్కడూ అడగలేదు. జగమెరిగిన మా డిటెక్టివ్ అయితే అందులో చేతులు కూడా కడుక్కుంది.

ట్రెవర్ నవ్వాడు. నలుగురున్నారని ముందే చెప్పానుగా అన్నాడు. హిల్మా అతన్ని తొట్టి దగ్గరికి రమ్మని పిలిచి నిలబెట్టింది.

"విను బాబూ. ఇక్కడున్నవాడు పరుపు దాచాడు. బట్టలు దాచాడు. నేల తుడిచి అడుగుల జాడ కూడా లేకుండా చేశాడు. కుళాయి ఒక్కటి కట్టడానికి మాత్రం వాడికి చేతులు రాలేదు. నువ్వు కట్టేసి కిందికి దిగావు. దొరికిపోతానని తెలిసీ వాడు మళ్ళీ మెట్లెక్కి వచ్చి, దీన్ని తిప్పి పోయాడు. మత్తుమందులు అమ్ముకునేవాడు పక్కింటివాళ్ళ గొట్టాల గురించి బెంగపెట్టుకుంటాడా? వీడు ముఠా కాదు. వీడు మావాడు."

"మీవాడైతే నాకేంటి మేడమ్," అన్నాడు ట్రెవర్. "పరాయి మనిషి ఉన్నాడని మీరే ఒప్పుకున్నారు. నాకు అది చాలు. అయిదింటికి బ్యాంకుకి ఫోను చేస్తాను. ఈ ఇల్లు మావాళ్ళకి వస్తే ముందు ఈ కుళాయిలన్నీ మార్పించేస్తారు."

అతను చెప్పింది నిజమే. వాదనలో మా ఆవిడ గెలిచింది, ఇల్లు అతను గెలిచాడు. నాకు వెర్నా వాళ్ళ నాన్న గుడిసె గుర్తొచ్చింది. దాని ముందు కూర్చుని మేమందరం చేపలు పట్టాం.

కిందికి దిగి వైనో వంటింట్లోంచి పోతుంటే నా కాలు ముస్తీ గిన్నెకి తగిలింది. అది బోర్లాపడి పసుపుపచ్చ ముక్కలు నేలంతా దొర్లాయి. ముస్తీ వాటి వంక చూసి మొహం తిప్పుకుంది. దానికి ఎన్నో రోజులుగా అవే తిని విసుగెత్తినట్టుంది. నేను ఏరుతూ, ఏం బాబాయ్, బహుమతి దుంపలు కుక్కపాలు చేస్తున్నావా అన్నాను.

వైనో మొహంలో నిజమైన నొప్పి కనిపించింది.

హిల్మా అక్కడే ఆగిపోయింది. వంగి ఒక ముక్క తీసి వాసన చూసింది. మాంసం కొవ్వు అంటుకుని ఉంది. పేస్టీలోంచి ఏరిన ముక్క అది. రిబ్బన్ల గోడ వంక చూసింది. ప్రాణం పోతున్నా రుటబేగా ముక్క పారేయని మనిషి ఇంట్లో, ఎవరో కూర్చుని ఒక్కొక్కటే ఏరి కుక్కకి వేస్తున్నారు.

"అయ్యో దేవుడా," అంది, చాలా మెల్లిగా. పొద్దున సోది కింద కొట్టేసిందంతా ఒక్కసారిగా వచ్చి ఆవిడ మీద పడ్డట్టుంది. "ఇక్కడ మంచు పడినప్పుడే అక్కడా పడిందిట. ఎడ్డీ లారీ అసలు డకోటా పోతుందా, ఆర్వో?"

పోదు. ఎడ్డీ కలప తోలుతాడు. కౌంటీ దాటడు. ఆ సంగతి నాకు తెలుసు. వెర్నాకీ తెలుసు. అయినా మేమిద్దరమూ ఆలోచించలేదు.

హిల్మా వైనో వైపు తిరిగింది. "సౌనాలో పొద్దున్నుంచి ఉన్నాడా?"

"ఆ బూట్లబ్బాయి వచ్చిన దగ్గర్నుంచి," అన్నాడు వైనో. "మధ్యలో ఒకసారి కుళాయి కోసం వచ్చిపోయాడు. చలికి వణుకుతున్నాడని నేనే ముట్టించా. వాళ్ళ నాన్న, నేను ఒకే షిఫ్టులో దిగేవాళ్ళం. మరి ఎక్కడికి పొమ్మంటావే?"

వైనో వెంట వచ్చి సౌనా తలుపు తీస్తే గోర్డీ కంగాస్ ఉన్ని చొక్కాతో, బూట్లతో, ఉడికిన దుంపలా బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన చుట్టిన పరుపు, ఒక సంచీ. మమ్మల్ని చూసి లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు. ముందు అడిగిన మాట, కుళాయి పారుతోందా అని. పారుతోందని చెప్పాను.

తర్వాత హిల్మా అడక్కముందే చెప్పుకున్నాడు. నవంబరులో బయల్దేరి పెట్రోలు బంకు దాకా వెళ్ళాడట. అక్కడ ఫోను వచ్చింది, ఈసారి పని లేదు, రావద్దని. వెర్నా చెయ్యి ఊపి ఇంకా గుమ్మంలోకి కూడా వెళ్ళి ఉండదు. వెనక్కి తిప్పుదామని రెండుసార్లు కారు ఎక్కాడు. ఆ మొహంతో ఇంటికెళ్ళలేక వైనో తలుపు తట్టాడు. ఎడ్డీ పేస్టీలు అందించే కలప యార్డులోనే రోజుకూలీ చేసి, డకోటా జీతం అంటూ కొంచెం కొంచెం పంపుతూ వచ్చాడు. తెల్లారకముందే వెళ్ళి ఇంటి ముందు మంచు ఎత్తిపోసి వచ్చేవాడట. కార్ల్ ఒకసారి చూసేశాడు. ఎవరితోనూ అననని మాటిచ్చాడు.

"అనకుండా వారం వారం రొట్టె తింటున్నాడు," అన్నాను నేను.

గోర్డీకి అది తెలియదు. మొహం ఇంకా దీనంగా అయింది. వెర్నా చేసే ఏలకుల రొట్టె అంటే అతనికి ప్రాణం.

"ఈ ఇల్లు ఎవరు కొంటున్నారో తెలుసా నీకు?" అంది హిల్మా.

తెలియదన్నాడు. ఎవరో వచ్చి చూసి పోతుండేవారు. మనుషుల అలికిడి వినగానే సౌనాలో దూరి, బల్ల కింద పడుకునేవాడు.

"మీ ఆవిడ," అంది హిల్మా. "చెరువు గుడిసె అమ్మి కొంటోంది. నువ్వు మళ్ళీ డకోటా పోకుండా ఉండాలని."

గోర్డీ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆ పెద్ద మనిషి భుజాలు కదలడం చూసి నేను తలుపు వైపు తిరిగి నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే ట్రెవర్ పెరట్లోకి వచ్చాడు, చేతిలో ఫోనుతో. వీధిలో స్కూలు బస్సు ఆగిన చప్పుడు కూడా అప్పుడే వినబడింది.

ట్రెవర్ సౌనాలోకి తొంగిచూసి, సంచీని, పరుపును, గోర్డీని వరసగా కెమెరాతో తీసుకున్నాడు. వెర్నా బురదలో పెద్దపెద్ద అంగలేసుకుంటూ ఇంటి మూల తిరిగి వచ్చేసరికి అతను గోర్డీకి ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"ఇదిగో మేడమ్, మీ ఖాళీ వాటాలో మనిషి," అన్నాడు. "ఇతను మీకు తెలియదని బ్యాంకుకి చెప్పమంటారా, మీరే చెబుతారా?"

వెర్నా ఆగింది. ఆవిడ మొగుణ్ణి పైనుంచి కిందికి చూసింది. గెడ్డం గీసుకున్న బుగ్గలు, చెమట పట్టిన ఉన్ని చొక్కా, బూట్లలోంచి కనిపించే తను అల్లిన మేజోళ్ళు. తర్వాత మా ఆవిడని చూసింది. తర్వాత పై వాటా కిటికీని చూసింది. ఏ మాట అన్నా ఏదో ఒకటి పోయేటట్టుంది, అయితే ఇల్లు, లేకపోతే ఊళ్ళో పరువు.

"తెలియకపోవడమేంటి," అంది వెర్నా. "మా ఆయన."

"మీ ఆయన డకోటాలో ఉన్నారని ఏజెంటు చెప్పాడే?"

"వచ్చాడు."

"ఎప్పుడు?"

"నువ్వెవరివి అడగడానికి? ఇల్లు కొనేవాళ్ళు గొట్టాలు చూసుకోరా? చూస్తున్నాడు. వైనో బాబాయ్ ఇంటికి చుట్టంగా వచ్చాడు. ఫోను కలుపు, నేనే చెబుతా బ్యాంకుకి. పరాయి మనిషి లేడు, రేపు ఇద్దరం వస్తున్నాం అని చెబుతా."

ట్రెవర్ ఫోను వంక, వెర్నా వంక చూశాడు. కొనే మనిషి సొంత మొగుణ్ణి పరాయివాడనడానికి వీల్లేదు. ఇంకోసారి పైకెళ్ళి సామాను తెచ్చుకుంటానని గొణిగి, మెట్లెక్కి, కాసేపటికి దిగి, వెనక్కి చూడకుండా తెల్ల కారు దగ్గరికి పోయాడు. బురదలోంచి దాన్ని తోసింది చివరికి నేనూ వైనోనే. మర్యాద మర్యాదే కదా.

మేం పెరట్లోకి తిరిగొచ్చేసరికి ఆలుమగలిద్దరూ అక్కడే, చేతికందే దూరంలో నిలబడి ఉన్నారు. ముస్తీ ఇద్దరి మధ్యా కూర్చుంది. గోర్డీ నేల చూపులు చూస్తున్నాడు.

వెర్నానే ముందు మాట్లాడింది. ఆదివారం ఫోనులో ఎలా మాట్లాడుతుందో అదే గొంతుతో అడిగింది.

"వాతావరణం ఎలా ఉంది అక్కడ?"

గోర్డీ తలెత్తాడు. "మీ దగ్గర ఎలా ఉందో అలాగే," అన్నాడు.

వెర్నా బస్సు నడిపేటప్పుడు వేసుకునే మందపాటి చేతి తొడుగు తీసి అతని ఛాతీ మీద కొట్టింది. ఒకసారి, ఇంకోసారి. మూడోసారి కొట్టి చెయ్యి అక్కడే ఉంచేసింది. వలవలా ఏడుస్తోంది. గోర్డీ ఆ చేతి మీద తన చెయ్యి వేశాడు. మా ఆవిడ ముక్కు తుడుచుకుని, ఇది ప్రేమ వ్యవహారమేనని తను పొద్దున్నే చెప్పానని నాకు గుర్తు చేసింది.

అంతలో ఆవిడ చెయ్యెత్తి అందర్నీ ఆగమంది. చెవి రిక్కించింది. మేమూ విన్నాం. పొద్దున్నుంచీ, నవంబరు నుంచీ, ఎప్పుడూ వినబడని చప్పుడు ఇప్పుడు లేకుండా పోయి, తొలిసారి వినబడింది.

"ఆ బూట్లబ్బాయి మళ్ళీ కుళాయి కట్టేసిపోయాడు," అన్నాడు వైనో.

గోర్డీ అప్పటికే కదిలాడు. వెర్నా అతని చొక్కా పట్టుకుని, బురద బూట్లతోనే మెట్ల వైపు పరిగెత్తింది.

"నడువు తొందరగా. మన ఇంటి గొట్టం గడ్డకట్టేస్తుంది."